‘చెయ్యి చేసుకున్నాడు’ అంటే కొట్టాడనే అర్థం ఎందుకు?

ప్రశ్న: తెలుగు నేర్చుకుంటున్న మా కోడలు ‘చెయ్యి తిరిగిన రచయిత’ అని చదివి, చేతికి దెబ్బ తగిలిందేమో అనుకుంది. నైపుణ్యం అని చెప్పాను. మరి ‘చెయ్యి చేసుకున్నాడు’ అంటే కొట్టాడని ఎందుకు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు 1: సూటిగా చెప్పలేని మాటను మెత్తగా అనడం అది. లంచాన్ని ‘చెయ్యి తడపడం’ అనట్లేదా? ‘చేతివాటం’ కూడా అంతే, దొంగబుద్ధిని నేరుగా అనకుండా.

జవాబు 2: నాకైతే ‘చే’తో మొదలయ్యే మాటలంటే ప్రాణం. చేబదులు, చేవ్రాలు, చేదోడు వాదోడు. చివరిదాంట్లో పనికీ మాటకీ రెండింటికీ తోడుంది, ఎంత నిండైన మాటో! ‘సంతకం’ వచ్చాక చేవ్రాలు వాడేవాళ్లే లేరు, బాధేస్తుంది.

జవాబు 3: తమిళం, కన్నడాల్లో చెయ్యి ‘కై’. కన్నడ ‘కివి’ మనకు ‘చెవి’ అయినట్టే ఇక్కడా ‘క’ కాస్తా ‘చ’ అయింది. మీ కోడలికి కన్నడం వస్తే ఇలా చెప్పండి, ఇట్టే పట్టేస్తుంది.

ప్రశ్న వేసినవారు: తమిళం వచ్చు! ఈ రాత్రే చెప్తాను.