బ్రిటన్‌లో ఓటు గురించి ఒక సందేహం, పెద్దవాళ్లు చెప్పగలరు

ప్రశ్న, లెస్టర్ నుంచి:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, మలక్‌పేట. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఈ మధ్యే లెస్టర్ వచ్చాను. ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోమని కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి లెటర్ వచ్చింది. నాది ఇండియన్ పాస్‌పోర్టు కదా, పొరపాటున పంపారేమో. నమోదు చేసుకుంటే రేపు వీసా రెన్యువల్‌కి ఇబ్బంది అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, ఇక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పార్టీ ఎన్నారై విభాగంలో చేరమని, చందా ఇమ్మని రోజూ అడుగుతున్నారు. హైదరాబాద్‌లో నా ఓటు ఉందో పోయిందో కూడా తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు, హైదరాబాద్, రాంనగర్ నుంచి:

అమ్మా, ఆ లెటర్ పొరపాటున రాలేదు, మీకోసమే వచ్చింది. వీసా మీద చట్టప్రకారం ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు బ్రిటన్‌లో ఓటుంది. కామన్వెల్త్ అంటే ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న దేశాల కూటమి, మన దేశమూ అందులో ఉంది. 18 ఏళ్లు నిండితే చాలు. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా వేయవచ్చు. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నా అధ్యక్షుడికి ఓటు వేయలేరు. అక్కడి చుట్టాల మాట విని, పౌరసత్వం వచ్చేదాకా తమకూ ఓటు లేదనుకుని బ్రిటన్‌లో ఏళ్లు గడిపేసిన మనవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు అలా చేయకండి. చట్టం ఇచ్చిన హక్కు వాడుకున్నందుకు వీసాకి ఏ ఇబ్బందీ రాదు. కౌన్సిల్ అడిగినా జవాబివ్వకుండా ఊరుకుంటేనే జరిమానా పడే అవకాశం ఉంది.

నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) దగ్గర పెట్టుకుని ఆన్‌లైన్‌లో నింపేయండి, ఎంతోసేపు పట్టదు. జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకీ మంచిదే, రేపు ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు పనికొస్తుంది. పోలింగ్ బూత్‌లో ఫొటో ఉన్న గుర్తింపు చూపించాలి, మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. వెళ్లడం కుదరదనుకుంటే పోస్టల్ ఓటు అడగండి, ఇస్తారు.

నేను ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో చాలాకాలం ఉండి తిరిగి వచ్చినవాణ్ని. అక్కడ నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. పార్టీల వాలంటీర్లు ఓట్లడగడానికి వచ్చేటప్పుడు చేతిలో ఓటర్ల జాబితా పట్టుకుని వస్తారు. జాబితాలో పేరు లేని ఇంటి తలుపు కొట్టరు. మా వీధిలో మనవాళ్ల ఇళ్లు వరసగా ఉండేవి, అందరూ ఉద్యోగస్తులే, కౌన్సిల్ టాక్సు ఒక్క నెల ఆపినవాళ్లు లేరు. అయినా ఆ ఇళ్లన్నీ దాటుకుని వెళ్లిపోయేవాళ్లు. బస్సు రూటు మారుస్తున్నా, పిల్లల స్కూలు విషయం తేలుస్తున్నా మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. నాకు ఇప్పటికీ బాధనిపించే విషయం అది. మనం అక్కడ లేనట్టే లెక్క.

మీ ఏరియా ఎంపీ ‘సర్జరీ’ అని పెడతారు. ఆసుపత్రి కాదు, జనం వచ్చి సమస్యలు చెప్పుకునే సమయం. వీసా ఫైలు నెలల తరబడి కదలకపోతే వీసాలు చూసే హోమ్ ఆఫీసుకి ఎంపీ ఆఫీసు నుంచి లెటర్ రాయించుకోవచ్చు. ఓటున్నా లేకపోయినా వెళ్లవచ్చు, మొహమాటపడకండి. దాదాభాయ్ నౌరోజీ 1892లోనే లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి గెలిచి, ఆ పార్లమెంటులో కూర్చుని మన దేశం గురించి మాట్లాడారు. రెండు దేశాల రాజకీయం మనకి కొత్త కాదు.

ఇక పార్టీ విభాగాలు. తెలంగాణ ఉద్యమంలో విదేశాల్లోని మనవాళ్లు చేసింది చిన్న పని కాదు, అది నేను గౌరవిస్తాను. కానీ ఇప్పుడు చాలాచోట్ల ఇక్కడి పార్టీ గొడవలు, కులం లెక్కలు ఉన్నవి ఉన్నట్టు అక్కడికి మోసుకుపోతున్నారు. కొత్తగా వెళ్లినవాళ్లు మొదటి ఏడాదే ఒక జెండా కింద నిలబడితే మిగతా సగం మంది తెలుగువాళ్లకి దూరమైపోతారు. నా మాట వింటే కొన్నాళ్లు ఆగండి. చందా విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. భారత పౌరులుగా మీరు ఇక్కడి పార్టీకి డబ్బు ఇవ్వవచ్చు. అయితే బ్యాంకు ద్వారా, నేరుగా పార్టీ ఖాతాకే పోవాలి, రసీదు రావాలి. ఎవరిదో సొంత ఖాతాకి పంపమంటే పంపవద్దు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే అసలే ఇవ్వకూడదు, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన దేశం ఇచ్చే కార్డు) ఉన్నా వాళ్లు విదేశీయుల కిందే లెక్క.

పౌరసత్వం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. అక్కడి పౌరసత్వం తీసుకున్న రోజే మన పౌరసత్వం పోతుంది, ఇక్కడి ఓటూ పోతుంది. వేములవాడ నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరుడేనని మన హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చి, 30 లక్షల రూపాయలు కట్టమంది. కాబట్టి ఆ నిర్ణయం తొందరపడి తీసుకోవద్దు. ఓటు కోసమైతే మీకు ఆ అవసరమే లేదు.

ఇంకో జవాబు, హైదరాబాద్, టోలీచౌకి నుంచి:

అక్కా, నేను దుబాయ్‌లో పనిచేసి వచ్చాను. మాకు అలాంటి లెటర్ ఎప్పుడూ రాలేదు, రాదు కూడా. గల్ఫ్‌లో ఎన్నేళ్లు పనిచేసినా అక్కడ ఓటుండదు. మా గోడు వినాల్సింది ఇక్కడి ప్రభుత్వమే. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది అది.

అందుకే మీ హైదరాబాద్ ఓటు వదులుకోకండి. విదేశంలో ఉన్నవాళ్లు ఫామ్ 6ఏ నింపాలి. పాస్‌పోర్టులో ఉన్న ఇండియా అడ్రసు ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడే పేరు ఎక్కుతుంది, మీది మలక్‌పేట అయితే మలక్‌పేటలోనే. పాత ఓటరు కార్డు వాపసు ఇవ్వాలి. పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి, పోస్టల్ ఓటు లేదు. అందువల్లే 2024 లోక్‌సభ ఎన్నికల్లో సుమారు 1.2 లక్షల మంది ఎన్నారై ఓటర్లు నమోదై ఉంటే, వచ్చి వేసింది 3 వేల లోపే, అందులోనూ ఎక్కువమంది కేరళవాళ్లు. వేరేవాళ్ల చేత ఓటు వేయించుకునే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది కానీ రాజ్యసభ దాకా వెళ్లకుండానే మురిగిపోయింది. లేబర్ క్యాంపులో ఉన్నవాడు రెండు నెలల జీతం పెట్టి టికెట్ కొనుక్కుని ఓటు వేయడానికి రాలేడక్కా. మీలాంటి చదువుకున్నవాళ్లు ఎన్నారై విభాగంలో చేరితే, నాయకులు లండన్ వచ్చినప్పుడు దండలు వేసి ఫొటోలు దిగే ముందు పోస్టల్ ఓటు సంగతి ఏం చేశారని అడగండి.