అప్‌డేట్: కాలువ వంతెన స్టడ్లు, పాత స్లాబు తీశాక

మైపాడు వైపు బకింగ్‌హాం కాలువ మీద ఉన్న చిన్న వంతెనకు స్లాబు మారుస్తున్నామని, ఉక్కు గర్డర్లను (దూలాలను) స్లాబుతో కలిపి ఉంచే షియర్ స్టడ్లు (గర్డర్ పైన వెల్డింగు చేసే, తల ఉన్న పొట్టి ఉక్కు కడ్డీలు) ఉప్పుగాలికి తట్టుకోవాలంటే ఏ రకం వాడాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాత స్లాబు పగలగొట్టాం. మధ్య గర్డర్ల మీద స్టడ్లు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. వాననీటి గొట్టం పక్కనున్న అంచు గర్డర్‌ను చూసి మాత్రం గుండె జారిపోయింది. స్టడ్డు తల గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది. మెడ వెల్డింగు దగ్గర చెక్కిన పెన్సిలులా సన్నబడింది. సుత్తితో తట్టగానే ఒకటి ఊడి వచ్చింది. తుప్పు అసలు ఉక్కు కన్నా రెట్టింపుకు మించి చోటు తీసుకుంటుంది కదా, చుట్టూ కాంక్రీటు కూడా పొరలుగా లేచిపోయింది.

జింకు పూత స్టడ్లు వద్దనుకున్నాం. వెల్డింగు వేడికి జింకు సరిగ్గా ఆ మెడ దగ్గరే కాలిపోతుంది. అంచు గర్డర్లకు స్టెయిన్‌లెస్ స్టీలువి పెడుతున్నాం. రెండు లోహాలు తడిలో కలిస్తే మామూలు ఉక్కు త్వరగా తుప్పు పట్టిపోతుందని హెచ్చరించినవారి మాట నిజమే. కానీ స్టడ్డు చిన్నది, గర్డర్ పెద్దది కాబట్టి ఆ ప్రభావం తక్కువ. అయినా వెల్డింగు చుట్టూ తడి తగలకుండా ఎపాక్సీ అనే రక్షణ పూత పూస్తున్నాం.

వెల్డింగు గట్టిగా ఉందో లేదో తేల్చుకోవడానికి నమూనా స్టడ్లను 30 డిగ్రీలు వంచి చూశాం, ఒక్క వెల్డింగూ చిట్లలేదు.

నా దృష్టిలో అసలు దోషి, నీళ్లను అంచు గర్డర్ మీదికే వదిలిన ఆ పొట్టి వాననీటి గొట్టమే. దాన్ని గర్డర్ అడుగు దాటేలా కిందికి పొడిగించాం. కాంక్రీటు పోయడం వచ్చే వారం.