అప్‌డేట్: మెక్‌వారియర్ 2 రంగుల్లేకుండా రావడం, కారణం దొరికింది
వేరే దేశాల డిస్కులు కూడా ఆడేలా చిప్ వేసిన పాత ప్లేస్టేషన్‌లో మెక్‌వారియర్ 2 అనే రోబోల యుద్ధం గేమ్ అమెరికా డిస్కు పెడితే రోబోలన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తున్నాయని పోయిన నెల అడిగాను కదా. జవాబిచ్చిన అన్నలకు థాంక్స్. డిస్కు చదివే లెన్స్ తుడిచాను, ఏం మారలేదు. కర్నూలు పాత బస్టాండ్ దగ్గర టీవీ రిపేర్ చేసే ఆయన చూడగానే చెప్పేశాడు: డిస్కు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీల రంగుల పద్ధతి), మా డబ్బా టీవీకి పాల్ (మన దగ్గరి పద్ధతి) మాత్రమే పడుతుంది. రెండూ పట్టే టీవీకి తగిలిస్తే రంగులొచ్చాయి.

ఇంకొకటి, ఇదే గేమ్ 1995 నాటి పీసీ వెర్షన్‌కి ఏ కీ ఏం చేస్తుందో చెప్పే కీబోర్డు పట్టిక పెట్టుకుని రెండు రాత్రులు కొట్టుకున్నాను, అంతా దండగ! 1997లో ప్లేస్టేషన్‌కి తెచ్చినప్పుడు అన్ని కీలూ చిన్న ప్యాడ్‌లో ఇమడవు కాబట్టి కంట్రోల్స్ బాగా తగ్గించారు. డిస్కుతో వచ్చిన బుక్‌లెట్ చూసుకోండి, చాలు.