వెనుకటి గుణమేల మాను: ఎంత వెనుకటి గుణం?

వనచరి: బద్దెన రాసిన సుమతీ శతకంలోని కనకపు సింహాసనం పద్యం చివరి పాదం కొంతకాలంగా నన్ను వదలడం లేదు. "మునుపటి గుణమేల మాను" అని చెవిలో పడి ఉంది. అచ్చు ప్రతిలో "వెనుకటి" అని కనిపించింది: "కనకపు సింహాసనమున / శునకము గూర్చుండబెట్టి శుభలగ్నమునం / దొనరగ బట్టము గట్టిన / వెనుకటి గుణమేల మాను వినరా సుమతీ." ఏది సరి? పాఠం ఏదైనా, ఆ గుణం ఎవరిదన్నది నా అసలు సందేహం. సింహాసనం ఎక్కిన ఆ ఒక్క శునకం పాత అలవాటా, జాతి గుణమా? జాతి గుణమే అయితే కుక్కకు వెనుక ఉన్నది తోడేలు. తోడేలు గుణం మానబట్టే కదా అది కుక్క అయింది!

కందప్రియ: పాఠం గురించి తర్జనభర్జన అక్కరలేదండీ. ప్రాసకు, అంటే పాదంలో రెండో అక్షరానికి, "మునుపటి" కూడా నిలుస్తుంది, గణమూ అదే నలం, నాలుగు లఘువులు. కానీ పాదం మొదటి అక్షరంతో జత కుదరవలసిన యతిస్థానంలో "వినరా" ఉంది. వె–వి మైత్రి కుదురుతుంది, ము–వి కుదరదు. "వెనుకటి" తప్ప గతి లేదు.

బడిపంతులు: పాఠం తేలింది, అర్థం మిగిలింది. నా దృష్టిలో ఇది జాతి మాట కాదు. పుట్టుగుణం చెప్పదలిస్తే తెలుగువాడు పుట్టుక పేరెత్తి చెబుతాడు: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. ఇక్కడ ఒక కుక్క, ఒక గద్దె, ఒక శుభలగ్నం ఉన్నాయి. నిన్నటిదాకా చేసినదే రేపూ చేస్తుందని భావం. తోడేలుకు ఈ పద్యంలో చోటు లేదు.

వనచరి: మాస్టారూ, సంబంధం కలుపుకునేటప్పుడు వెనుకాముందూ విచారిస్తాం. అక్కడ వెనుక అంటే వంశమే కదా? నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. 1959లో సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో ద్మిత్రీ బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త వెండి నక్కల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆయన తరువాత ల్యుద్మీలా త్రూత్ దశాబ్దాల పాటు దాన్ని నడిపించింది. మనిషిని చూసి బెదరని, కరవని నక్కలనే ఎంచి సంతానానికి ఉంచారు. చూసినది సాధుగుణం ఒక్కటే. కొన్ని తరాల్లోనే మనిషి కనబడితే తోక ఊపే పిల్లలు పుట్టాయి. తరువాత కొన్నింటికి చెవులు వాలాయి, ఒంటి మీద తెల్లమచ్చలు వచ్చాయి, తోక పైకి చుట్టుకుంది. ఏ నక్కకూ ఎవరూ పట్టం కట్టలేదు, నేర్పిందీ లేదు. అంటే గుణం మానడం ఒక్క ప్రాణి బతుకులో జరిగే పని కాదు, తరాల ఎంపికలో జరిగే పని. పద్యం ఒక్క కుక్క గురించైతే బద్దెన మాట అక్షరాలా నిజం. వంశం గురించైతే నిలవదు. అందుకే "వెనుకటి" అర్థం నాకు అంత ముఖ్యం.

సారమేయ: నక్కల మాట ఎత్తినప్పుడు ఒకటి చేర్చాలి. అవి అడవిలో పట్టి తెచ్చినవి కావు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో బొచ్చు కోసం పెంచిన నక్కల సంతతి. మచ్చల వంటి లక్షణాలు కొన్ని అక్కడే ఉండేవని 2019లో పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. సాధుగుణం పెరగడం మాత్రం కాదనలేనిది.

తోడేలు దగ్గరకు వస్తే, వేటగాడు పిల్లను ఎత్తుకొచ్చి పెంచాడనే కథ ఒకటి, బెదురు తక్కువ ఉన్న తోడేళ్లే మనుషుల మకాం చుట్టూ మిగిలిన మాంసానికి చేరాయనే కథ ఒకటి. నేను రెండోదాని వైపు. ఇప్పుడు అడవిలో ఉన్న ఏ తోడేలూ కుక్కకు నేరుగా మూలం కాదు, ఆ మూల సంతతి అంతరించింది. జర్మనీలోని బాన్-ఒబెర్‌కాసెల్‌లో 1914లో ఒక గోరీ బయటపడింది. సుమారు 14,000 ఏళ్ల నాటిది. స్త్రీ, పురుషుడు, వారితో ఒక కుక్కపిల్ల. దాని పళ్లను పరీక్షిస్తే డిస్టెంపర్ రోగంతో వారాల తరబడి బాధపడిందని తేలింది. మనుషులు కనిపెట్టి చూసుకోకపోతే అన్నాళ్లు బతికేది కాదు. వేటకు పనికిరాని రోగిష్టి పిల్లను సాకి, తమతో పాటు పూడ్చుకున్నారంటే అప్పటికే అది ఇంటి ప్రాణి.

అసలు మనం పట్టించుకోవలసింది కుక్క తోక సామెత. మారని గుణానికి మనవాళ్లు చూపించే సాక్ష్యం ఆ వంకరే. తోడేలు తోక చుట్టుకోదు! మనిషి చెంత చేరాకే ఆ వంకర వచ్చింది. మారడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

బడిపంతులు: బాగా చెప్పారు. ఇంకో చోటు కూడా ఉంది, పొట్ట. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తాలూకు జన్యువు తోడేలుకు రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నట్టు 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. మన అన్నం ముద్ద కుక్కకు అరగడం అందుకే. భీముడు వృకోదరుడు, తోడేలు కడుపువాడు. కుక్క మాత్రం ఆ వృకోదరాన్ని వదులుకుంది.

మీరు సారమేయ, అంటే సరమ సంతానమైన కుక్క, అని పేరు పెట్టుకున్నారు గనుక నన్నయ్యను తలచుకోకుండా ఉండలేను. జనమేజయుని తమ్ముళ్లు యాగం దగ్గర కుక్కపిల్లను కొడితే, తల్లి సరమ రాజు ఎదుటికి వచ్చి చెప్పిన పద్యం:

తగునిది తగదని యెదలో
వగవక సాధులకు బేదవారల కెగ్గుల్
మొగి జేయు దుర్వినీతుల
కగు ననిమిత్తాగమంబు లయిన భయంబుల్

కనకపు సింహాసనం లాగే ఇదీ కంద పద్యమే. బద్దెన కుక్కను సింహాసనం మీద కూర్చోబెట్టి చులకన చేశాడు, నన్నయ్య సింహాసనం ముందు నిలబెట్టి రాజుకు నీతి చెప్పించాడు. ఆదికవికి కుక్క మీద ఎంత గౌరవం!

సారమేయ: ఆ గౌరవం మూలంలోనిది మాస్టారూ. సంస్కృత భారతంలోనూ సరమ నిలదీస్తుంది.

బడిపంతులు: అక్కడ ఉన్నది శాపం. "సాధులకు, బేదవారలకు" అని అందరికీ వర్తించే నీతిగా మలిచింది నన్నయ్య. ఆ రెండు మాటలు ఒక్కసారి పైకి చదవండి.

కందప్రియ: నన్నయ్య గారి మీద నాకూ భక్తే. కానీ బద్దెనను అన్యాయంగా చులకన చేస్తున్నాం. మీరంతా "వెనుకటి" దగ్గరే ఆగారు. చిక్కు దాని ముందు పాదంలో "గట్టిన" దగ్గర ఉంది. అందరూ "పట్టం కట్టినా" అని అప్యర్థకంగా చదువుతున్నారు. అలాగైతే "గట్టినను" ఉండాలి. ఉన్నది "గట్టిన", అంటే చేదర్థకం, "కట్టితే". "ఏల" అంటే ఎందుకు. పట్టం కట్టి కూర్చోబెడితే వెనుకటి గుణం ఎందుకు మానుతుంది? మానవలసిన అవసరం దానికి ఏముంది? కవి తప్పుపట్టేది కుక్కను కాదు, పట్టం కట్టినవాణ్ణి. వనచరి గారి నక్కలకూ ఇదే సరిపోతుంది. అక్కడ గుణాన్ని చూసి ఎంచారు, ఇక్కడ ఎంచకుండా గద్దె ఇచ్చారు.

బడిపంతులు: ఒప్పుకోను. "గట్టినను" వేస్తే గణం చెడుతుంది, అందుకే "ను" అనే సముచ్చయం లోపించింది. పద్యాల్లో అది మామూలే.

కందప్రియ: గణం కోసం అర్థాన్ని వదిలే కవి కాడు బద్దెన. "ఒనరగ" తీసేస్తే "ను"కు చోటు దొరికేది. తీయలేదంటే అక్కరలేదనే.

బడిపంతులు: "ఒనరగ" తీస్తే ప్రాసాక్షరం ఎక్కడి నుంచి తెస్తారు?

కందప్రియ: దాని చోట వేయడానికి "మును" అనే మాట ఉంది కదండీ. మూడో పాదానికి యతి పేచీ కూడా లేదు.