పదేళ్లలోపు పిల్లలు డిఫెండర్‌ని దాటబోతే ఆపాలా, వదిలేయాలా?

నిజాంపేట నాన్న:
మా పాపకు తొమ్మిదేళ్లు. ఇంటి దగ్గర ఒక అకాడమీలో ఫుట్‌బాల్ నేర్చుకుంటోంది. బాల్ కాలికి దొరికితే చాలు, ఎదురుగా ఉన్నవాళ్లను దాటుకుని పోవాలని చూస్తుంది. దాటినప్పుడు చూడముచ్చటగా ఉంటుంది కానీ ఎక్కువసార్లు బాల్ పోతుంది. పోయినప్పుడల్లా కోచ్ గారు లైన్ బయట నుంచి "పాస్, పాస్" అని అరుస్తారు. మొన్న మ్యాచ్‌లో ఇలాగే పోగొట్టుకుందని సెకండ్ హాఫ్ మొత్తం బయట కూర్చోబెట్టారు. అడిగితే "ఇది టీమ్ గేమ్ సార్, ఇప్పుడు అలవాటు కాకపోతే ఇంకెప్పటికీ కాదు" అన్నారు. ఇప్పుడు పాప టెన్షన్ పడి, బాల్ రాగానే ఎటో ఒక వైపు తన్నేస్తోంది. నేను ఆడినవాణ్ని కాదు, మాది క్రికెట్ బ్యాచ్. తెలిసినవాళ్లు చెప్పండి, ఈ వయసులో డ్రిబ్లింగ్ మాన్పించడం మంచిదేనా?

పాత స్టాపర్:
మీ కోచ్ చెప్పింది కరెక్టే అండి. కూర్చోబెట్టడం ఒక్కటే కొంచెం ఎక్కువైంది. హైదరాబాద్‌లో ఉండి ఈ ప్రశ్న అడిగారు కాబట్టి రహీమ్ సాబ్ సంగతి చెప్పాలి. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇక్కడి కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ చేయకూడదనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవారు. బాల్ వచ్చిందా, వెంటనే ఇచ్చేయాలి. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంట్ రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే ఇండియాకు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు వచ్చాయి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇప్పటి పిల్లలు ఫోన్లో రీల్స్ చూసొచ్చి స్టెప్ ఓవర్లు (బాల్ మీదుగా కాలు తిప్పే ట్రిక్) వేస్తుంటే, పక్కన ఖాళీగా ఉన్న పిల్ల చేతులు ఊపుతూనే ఉంటుంది.

కుడి వింగ్:
స్టాపర్ అన్నా, రహీమ్ సాబ్ పేరు తెచ్చారు కాబట్టి పూర్తిగానే మాట్లాడుకుందాం. ఆ టోర్నమెంట్లు ఎవరి కోసం? గల్లీల్లో, మైదానాల్లో పొద్దుగూకేదాకా ఆడి కాళ్లు ఆరితేరిన కుర్రాళ్ల కోసం. వాళ్లకు డ్రిబ్లింగ్ ఒకరు నేర్పక్కర్లేదు. రానిదల్లా బాల్‌ని త్వరగా వదలడం. చేతకాని కాలితోనే ఆడాలనే పోటీలు కూడా ఆయనే పెట్టారు. పిల్లల్లో ఏది తక్కువో చూసి పెట్టిన రూల్స్ అవి. ఆయన దగ్గర ఆడిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, డ్రిబ్లింగ్‌కి పెట్టింది పేరు. ఆయన్ని రహీమ్ సాబ్ బెంచీ మీద కూర్చోబెట్టలేదు కదా!

నిజాంపేట పాపకు ఏది తక్కువ? గల్లీ ఆట లేదు. వారానికి కొన్ని గంటలు టర్ఫ్ మీద, అదీ పెద్దవాళ్ల కళ్ల ముందు. ఆ కాసేపట్లో కూడా డిఫెండర్‌ని దాటే ప్రయత్నం వద్దంటే ఇంకెక్కడ నేర్చుకుంటుంది?

ఫ్రిస్కో అమ్మ:
టెక్సాస్ నుంచి రాస్తున్నా. మా బాబు అండర్ 10. ఇక్కడ ఈ వయసుకి ఏడుగురి ఆట. గోల్ కీపర్ చేతిలో బాల్ ఉంటే అవతలి టీమ్ బిల్డ్ అవుట్ లైన్ (గోల్‌కి దూరంగా మైదానంలో అడ్డంగా గీసిన గీత) వెనక్కి వెళ్లిపోవాలి, కీపర్ బాల్‌ని గాల్లోకి తన్నకూడదు. పిల్లలు వెనక నుంచి పాసులతో ముందుకు రావడం నేర్చుకోవాలని 2017 నుంచి ఈ రూల్ పెట్టారు. బాగానే ఉంది. కానీ మన తెలుగు పేరెంట్స్ సంగతి తెలుసు కదా, మ్యాథ్స్ ట్యూషన్ పెట్టించినట్టే దీనికీ విడిగా స్కిల్స్ ట్రైనర్. మేమూ పెట్టించాం. కోన్ల మధ్య మావాడి కట్స్, సిజర్స్ లాంటి ట్రిక్కులు చూస్తే వీడియో తీసి చుట్టాలందరికీ పంపాలనిపిస్తుంది (పంపాను కూడా). మ్యాచ్‌లో డిఫెండర్ ఎదురొస్తే మాత్రం అందులో ఒక్కటీ బయటికి రాదు. అంటే నేర్పినా లాభం లేదనేనా?

పాత స్టాపర్:
అదే నేను చెప్పేది మేడమ్. సర్కస్ వేరు, ఆట వేరు.

కుడి వింగ్:
మేడమ్, అసలు ప్రశ్న మీరు అడిగారు. కోన్ కాలు చాపదు, భుజం పెట్టదు, మోసపోదు. బాల్ మీద పట్టు రావడానికి కోన్లు పనికొస్తాయి, దాన్ని తక్కువ చేయను. నెదర్లాండ్స్ కోచ్ వీల్ కూర్వర్ 1974లో ఫెయనూర్డ్ జట్టుతో యూరప్ క్లబ్బుల పోటీ యూఈఎఫ్‌ఏ కప్ గెలిచాడు. గొప్ప ఆటగాళ్ల ట్రిక్కులను ముక్కలుగా విడదీసి మామూలు పిల్లలకు కూడా నేర్పవచ్చని చూపించాడు. ఇవాళ అకాడమీల్లో కనిపించే బాల్ డ్రిల్స్‌లో చాలావాటి వెనక ఆయన పద్ధతే ఉంది. గొడవ ఎక్కడంటే, చాలామంది ట్రైనర్లు మొదటి మెట్టు దగ్గరే ఫీజు తీసుకుని ఆగిపోతారు. ఎదుటి మనిషిని దాటడంలో కాలి పని సగమే, మిగతాది కంటి పని.

నా దగ్గర పిల్లలకు చెప్పేది ఇది. డిఫెండర్ మీదకు నేరుగా, వేగంగా వెళ్లు. దగ్గరికొచ్చాక కొంచెం తగ్గి, వాడు ఎలా నిలబడ్డాడో చూడు. ఆట తెలిసిన డిఫెండర్ ఎదురుగా బిగుసుకుని నిలబడడు, ఒక కాలు ముందుకేసి ఓరగా ఉంటాడు. ఆ ముందు కాలి వైపు బాల్ తీసుకెళ్తే వాడు నడుము మొత్తం తిప్పుకోవాలి, ఆ తిరిగేలోపు నువ్వు వెళ్లిపోవచ్చు. ట్రిక్ వేయాల్సింది ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో. అంతకన్నా ముందే వేస్తే వాడు సర్దుకుంటాడు, మరీ దగ్గరికెళ్లి వేస్తే బాల్ వాడి కాలికే తగులుతుంది. పిల్లలకు బాల్ పోయేది ఎక్కువగా ఇక్కడే. ట్రిక్ బాగానే ఉంటుంది, వేసిన చోటే తేడా. దాటాక ఒక పెద్ద టచ్, ఒక్కసారిగా వేగం, ఆ తర్వాత వాడి దారికి అడ్డంగా రావడం. ఇవి లేకపోతే ఎంత అందంగా దాటినా వెనకనుంచి వచ్చి పట్టేస్తాడు.

ట్రిక్కులు కూడా పది అక్కర్లేదు. లోపలికి వంగినట్టు చేసి బయటికి దూసుకుపోవడం, ఒకప్పటి ఇంగ్లండ్ వింగర్ స్టాన్లీ మాథ్యూస్‌కి అదే ప్రాణం. ఆయన యాభై ఏళ్ల వయసులో కూడా ఇంగ్లండ్ టాప్ డివిజన్‌లో ఆడాడు.

ఆడించేటప్పుడు పది మీటర్ల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవు గీత గీసి, రెండు చివర్లా రెండేసి చిన్న గోల్స్ పెడతాను. ఒకరి మీద ఒకరు. డిఫెండర్ ఒక గోల్ మూస్తే రెండోది ఖాళీ అవుతుంది, కాబట్టి తల ఎత్తక తప్పదు. ఇరవై, ముప్పై సెకన్లకే పిల్లలకు ఆయాసం వస్తుంది, దానికి రెండింతలు రెస్ట్ ఇవ్వాలి. ఇవ్వకుండా లైన్లో తోలుతూ ఉంటే చివరికి అలసట తప్ప ఏమీ రాదు.

గోలీ:
అందరూ ముందుకెళ్లే సంగతే మాట్లాడుతున్నారు. మన బాక్స్ ముందు ట్రిక్ వేసి పోగొడితే గోల్ తినేది నేను, తిట్లు తినేదీ నేనే. దానికేం చెప్తారు?

కుడి వింగ్:
న్యాయమే తమ్ముడూ. అవతలి సగంలో, పక్క లైన్ దగ్గర ఒక్క డిఫెండరే ఉండి వాడి వెనక ఇంకెవరూ లేకపోతే దాటమనే చెప్తాను. మన గోల్ ముందు మధ్యలో పాస్ దొరికితే పాస్. ఎనిమిదేళ్ల వాళ్లమీద మాత్రం అక్కడ కూడా అరవను. గోల్ పడితే వాళ్లకే తెలుస్తుంది.

విశాఖ పీఈటీ:
మీవన్నీ అకాడమీ మాటలు సార్. నా స్కూల్లో పీరియడ్‌కు నలభై మంది, బాల్స్ ఆరు, అందులో ఒకదాంట్లో గాలి నిలవదు. గ్రౌండ్ అంతా మట్టి, గులకరాళ్లు. అలాంటి నేల మీద చక్కగా ఇచ్చిన పాస్ కూడా మోకాలి ఎత్తుకు లేస్తుంది. ఒకరి మీద ఒకరిని ఆడిస్తే మిగతావాళ్లు చెట్టు కింద కూర్చోవాలి.

అందుకే ముగ్గురి మీద ముగ్గురు, నాలుగు చిన్న గోల్స్, గోలీ లేడు. ఐదు బాల్స్‌తో ఐదు ఆటలు, ముప్పై మంది ఆడతారు. మిగతా పది మంది గోల్ పడ్డప్పుడల్లా మారుతూ ఉంటారు. జర్మనీలో 2024–25 సీజన్ నుంచి చిన్న పిల్లలకు దేశమంతా ఇలాంటి ఆటలే తప్పనిసరి చేశారు. మరీ చిన్నవాళ్లకు ఇద్దరిద్దరు లేదా ముగ్గురు ముగ్గురు, వయసు పెరిగేకొద్దీ ఏడుగురి దాకా. అక్కడ కూడా గెలవాలనే కసి పోతుందని పెద్దవాళ్లు కొందరు గోల చేశారు లెండి.

స్టాపర్ గారు చేతులు ఊపే పిల్ల గురించి అన్నారు. ముగ్గురి ఆటలో ఆ పిల్లకు కూడా బాల్ వస్తుంది, ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు, ఎవరూ దాక్కోలేరు. ఇంకో సంగతి ఎవరూ అనలేదు. తొమ్మిదేళ్లకే ఒళ్లు పెరిగిన పిల్లాడు బాల్ ముందుకు తన్ని పరుగెత్తి అందరినీ దాటేస్తాడు. అందరూ వాణ్ని మెచ్చుకుంటారు. పద్నాలుగేళ్లకు మిగతావాళ్లు ఎదిగాక వాడి చేతిలో ఏమీ ఉండదు. అలాంటివాణ్ని పెద్ద క్లాసు పిల్లల మీద ఆడిస్తాను. చిన్నగా ఉన్నవాళ్ల మీద వాడు ఏ ట్రిక్కూ నేర్చుకోవాల్సిన అవసరం పడదు.

పాత స్టాపర్:
ముగ్గురి ఆటకు నా అభ్యంతరం లేదు పీఈటీ సార్. నా బాధ వేరు. పద్నాలుగు, పదిహేనేళ్లకు సెలక్షన్స్‌కి వచ్చే కుర్రాళ్లను చూస్తాను. ఒకణ్ని దాటుతాడు, రెండోవాణ్ని దాటుతాడు, మూడోవాడి దగ్గర పోగొట్టుకుంటాడు. మొదటివాణ్ని దాటినప్పుడే పాస్ ఇచ్చి ఉంటే గోల్. వీళ్లకు తొమ్మిదేళ్లప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు, స్వేచ్ఛ అన్నారు. ఆ వయసులో చెప్పనిది పదిహేనేళ్లకు ఎవరు వింటారు?

నిజాంపేట నాన్న:
అందరికీ థాంక్స్. కోచ్ గారితో గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సాయంత్రం కాసేపు ఖాళీ ఉంటుంది. నాలాంటివాడు ఏం చేయించవచ్చు?

కుడి వింగ్:
నిజాంపేట గారూ, మీరే డిఫెండర్ అవ్వండి. నాలుగో నంబర్ బాల్ తీసుకోండి, రెండు జతల చెప్పులు పెడితే రెండు గోల్స్. కాలు నిజంగానే చాపండి, ఊరికే వదిలేస్తే పాపకు తెలిసిపోతుంది. పెద్దవాళ్ల బలం మాత్రం వాడొద్దు. ఒక్కోసారి కుడి కాలు ముందుకు, ఒక్కోసారి ఎడమ కాలు ముందుకు పెట్టండి, ఎటు వెళ్తుందో చూడండి. దాటినప్పుడు "ఎలా దాటావ్?" అని అడగండి, మీరు చెప్పొద్దు. పక్క ఫ్లాట్ల పిల్లలు దొరికితే ఇద్దరి మీద ఒకరు ఆడించండి. డిఫెండర్ బాల్ మీదకొస్తే పాస్, పాస్ దారి మూస్తే దాటేయడం. స్టాపర్ అన్న అడిగింది ఇందులో ఉంది.

పాత స్టాపర్:
ఉంది, కానీ ఆ డిఫెండర్‌కి కూడా కొట్టడానికి ఒక గోల్ పెట్టండి. బాల్ గెలిస్తే వాడికీ ఒక పని ఉండాలి. లేకపోతే బాల్ పోగానే పాప ఆగిపోతుంది, వెనక్కి పరుగెత్తదు. ఇంకో మాట, కోచ్‌తో గొడవ వద్దు కానీ ఆ బెంచీ సంగతి మాత్రం అడగండి. తొమ్మిదేళ్ల పిల్లను హాఫ్ మొత్తం కూర్చోబెట్టడం నాకూ నచ్చలేదు.