రెండేళ్ల కాంట్రాక్టు మీద వేరే దేశం వెళ్లి నీటి పథకాలు కట్టడం: మేలా, చేటా?

పైపులైను
అందరికీ నమస్కారం. నేను నీటి సరఫరా ఇంజనీరుని, ఏడేళ్ల అనుభవం ఉంది. తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశంలో గ్రామీణ నీటి పథకానికి రెండేళ్ల కాంట్రాక్టు వచ్చింది. బోర్లు వేయించడం, చేతిపంపులు బిగించడం, ఊరి కమిటీలకు శిక్షణ ఇవ్వడం నా పని. నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క ప్రకారం 2024 నాటికి కూడా దాదాపు 210 కోట్ల మందికి సురక్షితమైన తాగునీటి సరఫరా లేదు. అంటే ఈ పనికి మనుషులు కావాలి. కానీ 2009లో 20 ఆఫ్రికా దేశాల లెక్కలు కలిపి చూస్తే 36 శాతం చేతిపంపులు పనిచేయడం లేదని తేలింది. వాటిని బిగించింది నాలాంటివాళ్లే కదా? వెళ్లాలా, వద్దా?

నీలకంఠ_జియో
తప్పకుండా వెళ్లండి. నేను భూగర్భజలాల మనిషిని, ఆ ప్రాంతంలో ఆరేళ్లు చేశాను. పంపు ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోకుండా 36 శాతం అని బాధపడితే లాభం లేదు.

ఒక ఊళ్లో పంపు వేసి మూడేళ్లయింది. రిజిస్టర్లో 'పనిచేస్తోంది' అని రాసుంది. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం దాన్ని ముట్టుకోరు, చెరువుకే వెళ్తారు. హ్యాండిల్ కొట్టి చూస్తే ఎర్రటి నీళ్లు. అన్నం ఎర్రబడుతుంది, బట్టలు ఎర్రబడతాయి. పైపులు పైకి లాగించాం. జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు, వేలు పెడితే దిగేటంత చిల్లులు. నీళ్ల ఆమ్ల గుణాన్ని చెప్పే పీహెచ్ చూస్తే ఆరు కంటే తక్కువ. ఆమ్ల గుణం ఉన్న నీళ్లు ఇనుమును తినేస్తాయి, జింకు పూత ఎక్కువ కాలం ఆపలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు వేశాక ఆ బాధ పోయింది.

ఆ ఊళ్లో ఎవరికీ తెలివి లేక అలా జరగలేదు. పీహెచ్ చూసి పైపు ఎంచుకోవాలని చెప్పే మనిషి ఆ జిల్లాలో లేడు, అంతే. అలాంటి మనిషిగా మీరు వెళ్లండి.

బోరింగు
నేను ఇంజనీరుని కాదు, పంపు మెకానిక్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. సంస్థల తరఫున నాలుగు దేశాలు తిరిగాను. నా మాట: రెండేళ్లకైతే వెళ్లొద్దు.

నిపుణులు వచ్చి చెప్పారు కదా అని నమ్మితే ఏమవుతుందో బంగ్లాదేశ్‌ని చూడండి. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని డెబ్భైల నుంచి లక్షల గొట్టపు బావులు వేయించారు. ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమో ఎవరూ చూడలేదు. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్లు వెళ్లి నీళ్లు పరీక్షించి కూడా ఆర్సెనిక్ చూడలేదు. మరుసటి ఏడాదే అది బయటపడింది. కోట్ల మంది ఆ నీళ్లే తాగారు. పరీక్షించినవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు.

నీలకంఠ_జియో
బోరింగు గారూ, ఇది తప్పుదోవ పట్టించడం. ఆ బావులు 1992 నివేదిక చూసి వేసినవి కావు. అప్పటికి ఇరవై ఏళ్లుగా వేస్తూనే ఉన్నారు. ఆ సర్వే పని ప్రధానంగా సాగునీటి బోర్ల గురించి. ఇదే విషయం మీద ఒక గ్రామస్థుడు బ్రిటన్‌లో కేసు వేస్తే 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. ఆ దేశపు తాగునీటి సరఫరా వాళ్ల అధీనంలో లేదు కాబట్టి బాధ్యత లేదని తీర్పు ఇచ్చింది. ముందు ఇది సరిచేసుకోండి.

బోరింగు
కోర్టు ఏమందని నేను అడగలేదు. నీళ్లు పరీక్షించారా లేదా? పరీక్షించారు. ఆర్సెనిక్ చూశారా? లేదు. ఇందులో సరిచేసుకోవాల్సింది ఏముంది?

నీలకంఠ_జియో
ఆ రోజుల్లో అలాంటి ఒండ్రు నేలల్లో ఆర్సెనిక్ వెతకడం మామూలు పరీక్షల్లో భాగం కాదు. ఇప్పటి జ్ఞానంతో అప్పటివాళ్లను దోషులను చేయడం న్యాయం కాదు.

సౌమ్య_ల్యాబ్
నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను, ఇది నాకు బాగా తెలిసిన విషయం. మీ ఇద్దరికీ చెరో మాట.

నీలకంఠ గారూ, ఆ నివేదిక పేరులోనే భూగర్భజలం 'చేపలకూ మనుషులకూ విషపూరితం కావచ్చా' అన్న మాట ఉంది. సాగునీటి గోల మాత్రమే అంటే ఒప్పుకోను. పైగా సరిహద్దుకు ఇవతల పశ్చిమ బెంగాల్లో 1983లోనే ఒక చర్మవ్యాధుల డాక్టరు రోగుల ఒంటి మీద మచ్చలు చూసి ఆర్సెనిక్ అని పట్టుకున్నారు. నేల పొరలకు సరిహద్దు ఉండదు కదా.

బోరింగు గారూ, ఆ తర్వాత దాదాపు 50 లక్షల బావులు పరీక్షించి, ఎక్కువ ఉన్నవాటికి ఎర్ర రంగు, తక్కువ ఉన్నవాటికి ఆకుపచ్చ రంగు వేసింది కూడా ఈ వృత్తివాళ్లే. ఆర్సెనిక్‌కి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పరీక్ష చేసే మనిషి రాకపోతే ఏ ఊరికీ తెలిసే దారి లేదు.

ఇంకో మాట. నేనే ఒకసారి ఒక బడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు చూశాను. పరిమితి 1.5. నేను పనిచేసే సంస్థ 'నిధులిచ్చేవాళ్లకు పంపే నివేదికతో కలిపి చెబుదాం' అంది. నాలుగు నెలలు ఆగింది. ఆ నాలుగు నెలలూ పిల్లలు ఆ నీళ్లే తాగారు. నేను నోరు మూసుకున్నాను. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తుంపర
కంబోడియా రాజధాని నమ్‌పెన్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1993లో ఏక్ సోన్ చాన్ నీటి సంస్థ బాధ్యత తీసుకునేసరికి సరఫరా చేసే నీళ్లలో 72 శాతం లెక్కకు రాకుండా పోయేవి. తర్వాత అది 6 శాతం దగ్గరకు వచ్చింది, ఊరంతా ఇరవై నాలుగు గంటలూ నీళ్లు. ఒక సైన్యాధికారి ఇంటికి మీటరు బిగించబోతే తుపాకీ తలకు పెట్టారు, అయినా ఆయన వదల్లేదు. 2006లో మెగసెసే అవార్డు వచ్చింది.

బోరింగు
అదీ సంగతి. ఆ దేశపు మనిషే చేశాడు. ఎక్కడికీ వెళ్లిపోలేదు.

నీలకంఠ_జియో
సగం చెప్పి ఆపకండి. డబ్బు జపాన్, ఫ్రాన్స్, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇచ్చాయి. జపాన్‌లోని కితాక్యూషూ నగర నీటి విభాగం ఇంజనీర్లు వచ్చి లీకేజీలు పట్టుకోవడం నేర్పారు. నా వాదనకే ఇది సాక్ష్యం.

రవి_కుళాయి
ఇద్దరూ అదే ఉదాహరణ తీసుకుని కొట్టుకుంటున్నారు. అడిగిన కుర్రాడికి జవాబు చెప్పండయ్యా.

వెన్నెల
దక్షిణాఫ్రికాలో మొదలైన ప్లేపంపు కూడా చూడండి. పిల్లలు రంగులరాట్నంలా తిప్పితే నీళ్లు పైకి వస్తాయన్నారు. 2006లో అమెరికా ప్రభుత్వం, ప్రైవేటు దాతలు కలిసి కోటిన్నర డాలర్ల పైచిలుకు ప్రకటించారు. పిల్లలు రోజంతా ఆడతారా? చివరికి పెద్ద వయసు ఆడవాళ్లే ఆ చక్రం చేత్తో తిప్పుకున్నారు. మామూలు పంపు కంటే దాదాపు నాలుగు రెట్లు ఖరీదు. ఊళ్లోవాళ్లను ఒక్క మాట అడిగినా సరిపోయేది.

నీలకంఠ_జియో
ప్లేపంపును ప్రచారంలోకి తెచ్చింది ప్రకటనల రంగం మనిషి, జలశాస్త్రవేత్త కాదు. దాన్ని తీవ్రంగా విమర్శించినవాళ్లలో ఈ వృత్తివాళ్లే ముందున్నారు.

బోరింగు గారూ, ఇంకా సూటిగా చెబుతాను. రెంచీ పట్టి పంపు విప్పడం వేరు, నేల కింద నీరు ఎటు నడుస్తుందో, ఎంత తోడితే ఎంత తిరిగి వస్తుందో చెప్పడం వేరు. మెకానిక్‌గా మీ అనుభవానికి గౌరవం ఉంది. కానీ దాన్నిబట్టి ఒక వృత్తి మొత్తాన్ని అనవసరం అనేయకండి.

బోరింగు
రెంచీ మాట ఎత్తారు కాబట్టి చెబుతాను, వినండి.

ఒక ప్రాజెక్టులో నా కింద పదకొండు ఊళ్లు. ముప్పై నాలుగు పంపులు. మోటారు సైకిలు, పనిముట్ల పెట్టె ఇచ్చారు. ప్రాజెక్టు ముగిసేటప్పుడు ఒక కన్సల్టెంటు వచ్చాడు. నేను పంపు తల విప్పి గొలుసుకు గ్రీజు పెడుతుంటే ఫొటో తీసుకున్నాడు. చివరి నివేదికలో ఆ ఫొటో కింద 'స్థిరమైన మరమ్మతు వ్యవస్థ ఏర్పాటైంది' అని రాశారు. ఆ వ్యవస్థ ఎవరు? నేను. ఆ నెలాఖరుకే నా జీతం ఆగిపోయింది.

ఊళ్లోవాళ్లకు అది తెలియదు. తెల్లారకముందే ఇద్దరు పెద్దవాళ్లు తెగిన రాడ్డు భుజాన వేసుకుని మా గది ముందుకు వచ్చి కూర్చునేవారు. రెండుసార్లు నా డబ్బుతో వాషర్లు, ఒక బేరింగు కొని వేశాను. మూడోసారి నా దగ్గర లేవు. 'రేపు వస్తాను' అన్నాను. వెళ్లలేదు. వాళ్ల ముఖం చూడలేక ఆ దేశం వదిలి వచ్చేశాను.

అందుకే రెండేళ్లకు వెళ్లొద్దంటున్నాను. నిపుణుల మీద నాకు పగ లేదు. కట్టేవాడికి జీతం ఉంటుంది, ఫొటో తీసేవాడికి జీతం ఉంటుంది, ఆరో ఏడు పంపు విప్పేవాడికి మాత్రం ఉండదు. ఎందుకు?

నీలకంఠ_జియో
మీ బాధ అర్థమైంది. నేను రాసిన రెంచీ మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి.

మీ ప్రశ్నకు నా జవాబు మాత్రం మీకు నచ్చదు. ఆ జీతం ఊరే ఇవ్వాలి. ఇంటింటికీ నెలకు ఇంత అని వసూలు చేసి దాచుకోవాలి. వసూలు లేని ఊళ్లో, ఒక చిన్న వాషరు కోసం పంపు పదకొండు నెలలు ఆగిపోవడం నేను చూశాను. ఆ పదకొండు నెలలూ ఆడవాళ్లు మళ్లీ చెరువుకే. ఉచితం అన్న మాట వినడానికి బాగుంటుంది, కానీ పంపు నడవదు.

బోరింగు
ఇప్పుడు దొరికింది అసలు విషయం. మీరూ నేనూ పొద్దుటి నుంచి బంగ్లాదేశ్ గురించి కొట్టుకుంటున్నాం గానీ, తేడా ఇక్కడుంది.

మీరు చెప్పిన వసూలు నేను చేయించాను. డబ్బు కట్టనివాళ్లు నీళ్లు పట్టకుండా హ్యాండిల్‌కి గొలుసు, తాళం వేయమన్నారు. వేసింది నేనే. తాళంచెవి కమిటీ కోశాధికారి దగ్గర. ఒక ముసలామె రెండు నెలల బాకీ. ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చి తాళం చూసింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా చెరువు దారి పట్టింది. పంపు బ్రహ్మాండంగా పనిచేస్తోంది ఆ రోజు. మీ రిజిస్టర్లో కూడా 'పనిచేస్తోంది' అనే ఉంటుంది.

2010లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ నీరు మనిషి హక్కు అని తీర్మానం చేసింది. హక్కుకి తాళం వేస్తారా?

నీలకంఠ_జియో
హక్కు అంటే ఉచితం అని అర్థం కాదు. భరించగలిగే ధరకు అందాలని అర్థం. ఆ ముసలామె వాటా ఊరు భరించాలి, లేదా ప్రభుత్వం భరించాలి. తాళం వేయమన్నవాడిది తప్పు. వసూలు చేయమన్నవాడిది కాదు.

బోరింగు
ఆ మాట కాగితం మీద ఉంటుంది. బాకీ ఉన్నది ఎప్పుడూ అలాంటి ముసలామే అవుతుంది. డబ్బున్నవాడి ఇంటి ముందు తాళం నేను ఎన్నడూ వేయలేదు.

సౌమ్య_ల్యాబ్
కెన్యాలో క్వాలే, కిటూయి జిల్లాల్లో 'ఫండీఫిక్స్' అనే మరమ్మతు సంస్థలు నడుస్తున్నాయి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడివాళ్లతో కలిసి మొదలుపెట్టారు. క్వాలేలో పంపు హ్యాండిల్‌లో చిన్న పరికరం పెట్టి, వాడకం ఆగితే తెలిసేలా చేశారు. ముందు ఒక పంపు బాగు కావడానికి దాదాపు నెల పట్టేది, తర్వాత మూడు రోజుల లోపు అయింది. ఊళ్లు కొంత కడతాయి. చాలని భాగం ఒక ట్రస్టు నిధి నుంచి వస్తుంది. మెకానిక్‌కి జీతం పంపు నడిచినందుకు.

అయినా బయటి డబ్బు లేకుండా అది నిలబడదు. అందువల్ల మీ ఇద్దరి వాదనా పూర్తిగా తీరదు.

బోరింగు
మెకానిక్‌కి నెల నెలా జీతం వస్తోందా? అయితే దాని మీద నాకు గౌరవం ఉంది. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పైపులైను
అందరికీ కృతజ్ఞతలు. బోరింగు గారి పోస్టు చదివాక ఆ సంస్థకు ఉత్తరం రాశాను. రెండేళ్ల తర్వాత మెకానిక్ జీతం ఎవరిస్తారని అడిగాను. 'ప్రాజెక్టు కాలం తర్వాతి అంశాలు మా పరిధిలోకి రావు' అని జవాబు వచ్చింది. ఇంకా సంతకం చేయలేదు. ఇంకేం అడగమంటారు?

బోరింగు
మూడు అడుగు తమ్ముడూ. విడిభాగాలు అమ్మే కొట్టు ఆ ఊరికి ఎంత దూరం, నడిచి వెళ్లగలరా. ఊళ్లో వేసేది ఏ మోడల్ పంపు, పక్క జిల్లాలో కూడా అదేనా. ఇక తాళం అనే మాట వాళ్ల పద్ధతిలో ఎక్కడైనా ఉందా. మూడోదానికి అవునంటే నాకు మెసేజ్ పెట్టు, వెళ్లకుండా ఆపుతాను.

నీలకంఠ_జియో
మొదటి రెండూ నేనూ అడగమంటాను. మూడోదాని మీద బోరింగు గారితో వేరే థ్రెడ్‌లో తేల్చుకుంటాను. వెళ్తే మాత్రం పీహెచ్ మీటరు మీ సొంతది తీసుకెళ్లండి. మీటరు సరిచూసుకునే కాలిబ్రేషన్ ద్రావణం అక్కడ వెంటనే దొరక్కపోవచ్చు, రెండు సీసాలు ఎక్కువే పెట్టుకోండి.