'హర్ల్' అంటే బలంగా విసరడమేనా?

ప్రశ్న:
ఒక ఇంగ్లీషు కథ అనువాదం చేస్తున్నాను. ఒకే పేజీలో 'హర్ల్' (hurl) అనే క్రియ మూడుసార్లు వచ్చింది. డిక్షనరీలో 'బలంగా విసురు' అని ఉంటే అదే పెట్టుకుంటూ పోయాను. 'ఆమె ప్లేటును గోడ మీదికి బలంగా విసిరింది.' 'అతను ఆమె మీద అవమానాలు విసిరాడు.' 'కొడుకు మూసిన తలుపు మీదికి తనను తాను విసురుకున్నాడు.' రాత్రి పైకి చదువుకుంటే మొదటిది పర్వాలేదనిపించింది. రెండోది ఎబ్బెట్టుగా ఉంది. మూడోది అసలు తెలుగే కాదు. 'త్రో'కీ దీనికీ తేడా బలం ఒక్కటేనా?

జవాబు 1:
బలంతో పాటు ఉద్దేశం కూడా ఉంది. తాళాలు అందుకోమని స్నేహితుడికి విసిరితే 'త్రో', దాని వెనక 'టు'. అవే తాళాలు అతనికి తగలాలని విసిరితే 'ఎట్'. హర్ల్ పక్కన ఎక్కువగా కనిపించేవి 'ఎట్', 'ఎగైన్‌స్ట్', 'ఇన్‌టు'. పట్టుకోమని ప్రేమగా వేసేదాన్ని హర్ల్ అనరు.

ఒక చిన్న దిండు చేతిలోకి తీసుకోండి. 'టాస్'కి మణికట్టు కదిలితే చాలు. హర్ల్‌కి చెయ్యి చెవి వెనక్కి పోవాలి, నడుం తిరగాలి, దిండు వదిలాక ఒళ్లు ముందుకు తూలాలి. అనువాదాలు దిద్దేటప్పుడు నేను ముందు చూసేది ఆ తూలు తెలుగులోకి వచ్చిందా లేదా అనే.

మీ మొదటి వాక్యానికి మన దగ్గర మాట సిద్ధంగా ఉంది: 'ప్లేటు గోడకేసి కొట్టింది.' 'బలంగా' అక్కర్లేదు, 'విసిరి' కూడా అక్కర్లేదు. ఇంగ్లీషు క్రియ బలాన్ని వస్తువు చేతిని వదిలేచోట చూపిస్తే, మన 'కొట్టడం' తగిలేచోట చూపిస్తుంది. రెండోదానికి 'నోటికొచ్చినట్టు తిట్టాడు', ఇంకా ఊపు కావాలంటే 'తిట్లు లంకించుకున్నాడు'. వార్తల్లో అయితే ఆరోపణలు, విమర్శలు 'గుప్పిస్తారు'. మూడోది 'ఒక్క ఉదుటున వెళ్లి తలుపుని ఒంటితో గుద్దాడు'. తనను తాను విసురుకునే మనిషి తెలుగులో లేడు, దూకుతాడు, ఉరుకుతాడు, మీద పడతాడు.

జవాబు 2:
'కేసి కొట్టడం' బాగుంది కానీ అన్నిచోట్లా పనికిరాదు. కొట్టాడంటే తగిలినట్టే. హర్ల్ చేసిన రాయి గురి తప్పొచ్చు కూడా. అలాంటప్పుడు 'విసిరాడు', లేదా 'గిరాటేశాడు'. గుంపు రాళ్లు విసిరితే 'రువ్వారు' అనేది చక్కటి మాట. కానీ మనకి నవ్వులు రువ్వడం కూడా ఉంది, కాబట్టి రువ్వు అంటే ఎప్పుడూ హర్ల్ అనుకోవద్దు.

'ఫ్లింగ్' దీనికి దగ్గరి చుట్టం, అందులో కాస్త నిర్లక్ష్యం కలుస్తుంది: కోటు కుర్చీ మీద పడేయడం లాంటిది. దాని భూతకాలం 'ఫ్లంగ్'. హర్ల్‌కి మామూలుగా 'హర్ల్డ్', అంతే.

జవాబు 3:
చాలామంది పొరబడేది ఒకటుంది. 'హర్టిల్' (hurtle) వేరే మాట. బండి కొండ దిగువకి అదుపు తప్పి దూసుకొస్తే హర్టిల్, వాక్యంలో దానికి కర్మ (దేన్ని అనే పదం) అక్కర్లేదు. హర్ల్‌కి మామూలుగా విసిరే వస్తువు ఒకటి ఉండాలి. వస్తువు లేకుండా కనిపిస్తే అమెరికన్ వాడుక భాషలో వాంతి చేసుకోవడమని అర్థం కావచ్చు, సందర్భం చూసుకోండి. అలాగే ఐర్లండ్ కథల్లో 'హర్లింగ్' వస్తే విసరడం అని రాసేయకండి. అది కర్రతో చిన్న బంతిని కొట్టే వాళ్ల పాత ఆట, జట్టుకి 15 మంది. 2018లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

అడిగినవారు:
మూడూ మార్చాను. తిట్లు లంకించుకున్నాక గోడకేసి కొట్టిన ప్లేటు చదువుతుంటే చప్పుడు వినిపిస్తోంది. తలుపు దగ్గర మాత్రం 'గుద్దాడు' తీసేసి 'తలుపు మీద పడ్డాడు' అని పెట్టాను. ఆ పిల్లాడికి ఆరేళ్లే.

జవాబు 1:
ఆరేళ్లంటే మీదే సరైనది. ఆ వయసుకి 'గుద్దాడు' మరీ మోటు.